ఖాళీ కడుపుతో మంచె ఎక్కినవాడు

మా పెద్దవాడు ఈ ఏడు పదో తరగతి పరీక్షకు కూర్చుంటున్నాడు. కొన్నాళ్ళుగా సాయంత్రం అన్నం ముట్టడం లేదు. పొద్దుపోయేదాకా పుస్తకం పట్టుకుంటాడు. తెల్లవారి బళ్ళో బల్లమీద తల వాలుస్తాడు. ఇంటికొచ్చి దొరికిందల్లా తిని, పొద్దుగూకకముందే మొద్దులా పడుకుంటాడు. లేస్తే మళ్ళీ ఆకలి లేదంటాడు. మొన్న వాళ్ళమ్మ గట్టిగా నిలదీసింది.

"తింటే నిద్రొస్తదే అవ్వా. డోర్నకల్ చిన్నాయిన లెక్క నన్ను గూడ ఊచబియ్యం అనాల్నా ఏంది?" అన్నాడు.

తమ్ముడు చిన్నప్పుడు కావలి కాస్తూ జొన్న ఊచబియ్యం తిని నిద్రపోయాడన్న ఆ కథ వాడికి చెప్పింది నేనే. మానుకోటలో మా ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడల్లా నవ్వుతూ చెప్పేవాణ్ణి. చెప్పినప్పుడల్లా అబద్ధమే చెప్పాను. నా అబద్ధాన్ని నమ్మి నా కొడుకు కడుపు మాడ్చుకున్నాడు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది కొడకండ్ల దగ్గరి పల్లె. నిజాం మీద తిరగబడ్డ సంఘం రోజుల్లో నాకు పదహారేళ్ళు. ఊరు దొర గడికి వెట్టి చెయ్యడం మానేసింది, పండిన గింజలను ఇళ్ళలోనే దాచుకుంది. ఆ కోపంతో పోలీసులు లారీల్లో వచ్చి పడేవారు. గింజలు ఎత్తుకుపోయేవారు, దొరికిన మగవాళ్ళను పట్టుకుపోయేవారు. మా చిన్నాయనను అలాగే జైల్లో వేశారు. ఆయన కొడుకు నాకంటే రెండేళ్ళు చిన్న. ఇప్పుడు డోర్నకల్ రైల్వేలో పనిచేసే మా తమ్ముడు వాడే.

జొన్న పాలుపోసుకుంటున్న కాలం అది. చేను మధ్య మంచె కట్టి, పిట్టలను కొట్టే నెపంతో పిల్లలం కాపలా కాసేవాళ్ళం. పిట్టలొస్తే వడిసెలతో రాయి విసరాలి. జనగామ బాట మీద లారీ దుమ్ము లేస్తే రేకు డబ్బా వాయించాలి. డబ్బా మోగిందంటే మగవాళ్ళంతా చేలల్లోకి జారుకునేవారు. పిల్లల మీద పెద్దరికం నాకిచ్చారు. మంచె మీద చోటు కోసం మా తమ్ముడు నా వెంట పడ్డాడు. "మా నాయిన జైల్ల ఉన్నడు. ఇంట్ల కూసుంటే నేనేం కొడుకునే అన్నా?" అన్నాడు. వాడికి ఆ మంచె తప్ప వేరే లోకం లేదు.

నేనొక నియమం పెట్టాను. కడుపు నిండితే కన్ను మూతపడుతుంది, కనుక మంచె దిగేదాకా ఎవడూ తినకూడదు. పెద్దవాళ్ళు కూడా మెచ్చుకున్నారు. అందరం నమ్మాం. పాటించింది మాత్రం వాడొక్కడే.

ఊళ్ళో అప్పుడు పొద్దున్నే ఒక్కపూట పొయ్యి వెలిగేది. పొద్దుగూకితే మంట కనబడుతుందని పొయ్యి ముట్టించేవారు కాదు. ఇళ్ళ మీద పడతారన్న భయంతో రాత్రిళ్ళు చేలల్లోనే పడుకునేవాళ్ళం. వాడు తెల్లవారకముందే మంచె ఎక్కి, మధ్యాహ్నం దిగి, చల్లారిన జొన్న గట్కను ఆబగా మింగి, ఎండలోనే ఒళ్ళు తెలియకుండా పడిపోయేవాడు. రాత్రికి మళ్ళీ ఆకలి. ఆకలికి నిద్ర రాదు. నా పక్కనే దొర్లుతుండేవాడు. ఎదిగే ఒళ్ళు, వారానికోసారి అంగీ పొట్టిదయ్యే వయసు. నాకైతే మా అమ్మ ఏదో ఒక రొట్టె ముక్క చేతిలో పెట్టేది. అది చాలక నేను మంచె కింద పచ్చికంకులు కాల్చి, నలిపి, ఊచబియ్యం తినేవాణ్ణి.

ఒకరోజు నేను అలా తిని ఊళ్ళోకి వెళ్ళాను. వాడు మంచె మీద ఉన్నాడు. లారీ వచ్చింది. డబ్బా మోగలేదు.

ఒడ్డు మీద గడ్డి కోస్తున్న మా నాయనమ్మ దుమ్మును చూసి గొంతు చించుకుని అరిచింది కాబట్టి మనుషులు దక్కారు. మా రెండిళ్ళ ధాన్యం గుమ్ములు మాత్రం ఖాళీ అయ్యాయి. లారీ పోయాక పెద్దలు మంచె దగ్గరికి వచ్చారు. వాడు కళ్ళు నులుముకుంటూ నిలబడ్డాడు. మంచె కింద బూడిద, జొన్న పొట్టు.

"ఎవడు తిన్నడురా?" అని సంఘం పెద్ద నన్నడిగాడు.

"వాడే. తిన్నడు, పండుకున్నడు" అన్నాను.

"నేను తినలే" అన్నాడు వాడు. ఒక్కసారే అన్నాడు.

"తండ్రి జైల్ల గంజి తాగుతాండు, కొడుకుకు ఊచబియ్యం గావాల్నట!" అన్నారెవరో. వాడి చేతిలోంచి వడిసెల లాక్కున్నారు. ఆ రోజు నుంచి వాడి పేరే ఊచబియ్యం అయింది.

కంకులు కాల్చి నలిపితే అరచేతులకు మసి పడుతుంది. నాయనమ్మ వాడి రెండు చేతులూ తిప్పి చూసింది. తర్వాత నా వైపు చూసి, "నువ్ బోయి చేతులు కడుక్కో" అంది. అంతే. నా గుట్టు బయటపెట్టలేదు. పెద్దలతో మాత్రం ఊరుకోలేదు.

"ఆకలి కడుపుకు నిద్ర యాడిదిరా? రాత్రంత దొర్లినోడు పగటీలి తూగడా? తిండి బెట్టకుంట కావలి పెట్టిన మీకు బుద్ధి లేదు. నాలుగు పొద్దులు నాకియ్యిండ్రి వీణ్ణి."

పొద్దుండగానే రొట్టెలు కాల్చి, ఇంటికొకటి చొప్పున కావలి పిల్లలకు పంపమని వాడకట్టంతా తిరిగింది. పొద్దుగూకేలోగా పప్పుతో రొట్టె, మంచె ఎక్కేముందు ముంతెడు అంబలి. మధ్యాహ్నం మోతాదుగానే పెట్టేది, కునుకు ముదరకముందే లేపేది. మొదటి రెండు రాత్రులు వాడు అలాగే దొర్లాడు. తర్వాత చేలో పక్కన కప్పలు అరిచినా కదలలేదు. పొద్దున లేచిన వాడి ముఖంలో కడిగినట్టు తెలివి కనబడింది. సంఘం పెద్ద దగ్గరికి తనే వెళ్ళి, "నా వడిసెల నాకియ్యిండ్రి" అని అడిగాడు. ఇచ్చారు.

కంకులు కోతకు రాకముందే మళ్ళీ బాట మీద దుమ్ము లేచింది. ఈసారి లారీ ఇంకా వాగు అవతల ఉండగానే వాడి డబ్బా మోగింది. ఊళ్ళో ఒక్క మగవాడూ దొరకలేదు, ఒక్క గింజా పోలేదు.

ఇంత జరిగినా ఊచబియ్యం అన్న పేరు పోలేదు. డబ్బా మోగిన సంగతి జనం మరిచిపోయారు. నేను గుర్తు చేయలేదు. గుర్తు చేస్తే బూడిద సంగతీ చెప్పాలి.

నిన్న ఆదివారం సాయంత్రం తమ్ముణ్ణి పిలిపించాను. డ్యూటీకి పోతూ పోతూ టిఫిన్ డబ్బాతో దిగాడు. వడ్డించిన కంచం ముందు కొడుకును కూర్చోబెట్టి, ఇక్కడ రాసినదంతా చెప్పాను. తమ్ముడు టిఫిన్ మూత తిప్పుతూ విన్నాడు.

"గా మాట అప్పుడే అంటే నా పెండ్లిల ఊచబియ్యం అని ఎగతాళి జేసెటోళ్ళు గాదు గదనే అన్నా" అన్నాడు. నవ్వాడు కానీ కళ్ళు నా మీద నుంచి తీయలేదు. అప్పుడు మావాడి వైపు తిరిగాడు.

"ఇను కొడుకా. రాత్రి డ్యూటీ ఉంటే ముందుగాల తింట, పగటీలి తలుపేసుకోని పండుకుంట. ఇన్నేండ్లల్ల ఒక్క బండికి గూడ జెండా తప్పలే. తిని నిద్రబోలే నేను, తినక నిద్రబోయిన. ఎర్కైందా?"

"మరి డబ్బా ఎట్ల గొట్టినవ్ చిన్నాయినా?" అని వాడు అడిగాడు. ఇన్నేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న.

తమ్ముడు టిఫిన్ మూత తీసి బోర్లించి, వేళ్ళతో గబగబా వాయించాడు. వంటింట్లోంచి మా ఆవిడ ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది. మావాడు పగలబడి నవ్వుతూ కంచం దగ్గరికి లాక్కున్నాడు.

"ఇంకోసారి గొట్టు" అన్నాడు, నోటినిండా అన్నంతో.