ఒక్క చెంచా రుచి చూపించమన్నందుకు

ఆదివారం పొద్దున రాజమండ్రి నడిబొడ్డున జరిగే మా రైతుల సంతకి వచ్చినవాళ్లు, "ఇది మొదలుపెట్టింది మీరేనటగా, ఎంత ముందుచూపండీ!" అంటుంటారు. నేను వినయంగా నవ్వుతాను. కోనసీమ కొబ్బరి, పిఠాపురం వైపు దుంపలు, మొగల్తూరు ఎండుచేపలు అన్నీ వచ్చి, చోటు చాలక పక్కసందులోకి కూడా పాకిపోయిన ఈ సంతని, అది ఇంకా పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఒక్క పూటలో చంపేయబోయిన మహానుభావుణ్ణి కూడా నేనేనని మాత్రం చెప్పను. ఎన్నాళ్లు దాస్తాను? ఇవాళ చెప్పేస్తున్నాను. మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

మాది మెయిన్ రోడ్డులో కిరాణా కొట్టు. నాన్న గల్లాపెట్టె దగ్గర కూర్చోమంటే కాదని ఎంబీయే చదివాను. హైదరాబాదులో ఒక పెద్ద సూపర్ మార్కెట్లో కొన్నాళ్లు పనిచేశాను. అక్కడ నేర్చుకున్న విద్యనంతా సొంత ఊరికి ధారపోద్దామని తిరిగొచ్చాను. పొయ్యమని ఊరు నన్ను అడగలేదు. అయినా పోశాను.

రైతు నేరుగా తెచ్చి అమ్మాలి, పట్నంవాళ్లు నేరుగా కొనుక్కోవాలి, మధ్యలో ఎవరూ ఉండకూడదు. ఇదీ నా ఆలోచన. మధ్యలో ఉండి బతుకుతున్న కిరాణా కొట్టు యజమాని, అంటే మా నాన్న, ఈ ఆలోచన విని నా వైపు ఎలా చూశారో మీరే ఊహించుకోండి.

చోటు కోసం తిరగ్గా తిరగ్గా, మూతబడ్డ సినిమా హాలు ఒకటి కనిపించింది. దాని ముందు విశాలమైన ఆవరణ. యజమాని పద్మనాభం గారు మాకు దూరపు చుట్టం, దగ్గరి పిసినారి. బతిమాలితే ఒప్పుకున్నారు.

"సరే, పెట్టుకోండి. కానీ అబ్బాయ్, ఆ స్థలం పార్కింగ్‌కి ఇమ్మని నన్ను చంపుతున్నారు. మాఘమాసంలో ఒక ఆదివారం వచ్చి చూస్తాను. కొనేవాళ్లు కళ్లకి కనబడాలి. కనబడితే ఉంచుతాను. లేకపోతే వచ్చే ఆదివారం నుంచి అక్కడ స్కూటర్లుంటాయి."

"కనబడతారండి," అన్నాను. ఆ వయసులో నేను అన్నిటికీ అలాగే అనేవాణ్ణి.

ఈ మాట మీద ప్రాణాలు పెట్టుకున్న మనిషి ఒకావిడ ఉంది. సత్యవతి గారు. వాళ్లది ఆత్రేయపురం అవతల ఒక పల్లె. భార్యాభర్తలిద్దరూ మిల్లుకి పనికొచ్చే రకం మానేసి, దేశవాళీ సన్నవరి వేశారు. ఆ బియ్యం ఉడుకుతుంటే వీధి చివరిదాకా వాసన వచ్చేది. కానీ చూడటానికి కాస్త మసకగా, నూకతో ఉంటాయి. మిల్లువాడు కొననన్నాడు. "మీరు పండించండి పిన్నిగారూ, అమ్మే పూచీ నాది," అని వాళ్ల వసారాలో కూర్చుని, వాళ్ల పెరుగన్నం తింటూ మాటిచ్చింది నేను. కిందటేడు పంట బస్తాలు ఇంకా ఆ వసారాలోనే ఉన్నాయి. కొత్త పంట వచ్చేస్తోంది. ఈ చోటు కూడా పోతే ఆ వరి ఇక వేయనని ఆవిడ భర్త తేల్చి చెప్పేశాడు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకునేది.

పద్మనాభం గారు వస్తానన్న ఆదివారం దగ్గరపడింది. సంతలో పది పట్టాలు పరిచి ఉండేవి. జనం వచ్చేవారు, చూసేవారు, వంకాయలు కొనుక్కుని పోయేవారు. బియ్యం వైపు ఎవరూ తిరిగేవారు కాదు. అప్పుడు నా ఎంబీయే బుర్ర వెలిగింది. హైదరాబాదులో మేం చీజు ముక్కని పుల్లకి గుచ్చి ఇచ్చేవాళ్లం. కొనేవాడు నోట్లో వేసుకుని, ఆహా అని, డబ్బా తీసుకునేవాడు.

శనివారం అందర్నీ పోగుచేసి చెప్పాను.

"రేపు శాంపిల్ ఇద్దాం. పిన్నిగారూ, మీరు కాస్త అన్నం వండి, ఒక్కొక్కరికి ఒక చెంచా రుచి చూపించండి."

సత్యవతి గారు నా చేతిలోని ప్లాస్టిక్ చెంచా వైపు చూశారు. "దీంతోనాండి?"

"దీంతోనే."

"గుమ్మంలోకొచ్చిన మనిషికి చెంచాడు అన్నవా బాబూ? పిల్లికైనా అంతకన్నా ఎక్కువే పెడతాం కదండీ."

"ఇది భోజనం కాదు పిన్నిగారూ, శాంపిల్."

"ఆయ్, అలాగేనండి. మరి ఒట్టి అన్నం ఎలా మింగుతారండీ? కూసింత ఆవకాయుండొద్దూ?"

ఆవకాయ వేయమన్నాను. నేను చేసిన తప్పు అదే. ఆ పక్కనే నెయ్యి, పెరుగు అమ్మే సూర్రావు ఉన్నాడు. ఆవకాయ అన్న మాట వినగానే అతను లేచి నిలబడ్డాడు.

"నెయ్యి లేకుండా ఆవకాయన్నం పెడతారాండి? కడుపులో మంట పుట్టి జనం మిమ్మల్నీ నన్నూ తిట్టుకోరూ? నెయ్యి నాది."

"సరే, ఒక్క చుక్క."

"చుక్కేంటండి బాబూ, అదేవన్నా మందా?"

తర్వాత వంకాయల వెంకన్న, "మన సరుకు మాత్రం పచ్చిగా కూర్చోవాలాండి?" అన్నాడు. వంకాయ కూర చేరింది. నెయ్యి ఉన్నాక పప్పు లేకపోవడం అన్యాయమని ఎవరో అన్నారు. చివర్న పెరుగు పడకపోతే అది తిన్నట్టే కాదని అందరూ ఏకగ్రీవంగా అన్నారు. నేను "శాంపిల్, శాంపిల్" అంటూనే ఉన్నాను. వాళ్లు "ఆయ్, శాంపిలేనండి" అంటూనే ఉన్నారు. నేను తృప్తిగా ఇంటికెళ్లి నిద్రపోయాను.

తెల్లవారింది. పద్మనాభం గారికి ఎదురెళ్లాలి కదా అని పట్టుపంచె కట్టి, కండువా వేసుకున్నాను. ఆటోకి మైకు కట్టించి, "రండి, రుచి చూడండి! అంతా ఉచితం!" అని ఊరంతా తిప్పాను. దేవీచౌక్ దాటి కోటగుమ్మం దాకా నా గొంతే. అలా తిరిగి తిరిగి సంతకి వచ్చేసరికి ఆవరణలోంచి పొగ లేస్తోంది.

లోపలికి పరిగెత్తాను. సినిమా హాలు గోడవారగా నేల తవ్వి, పెళ్లిళ్లకి తవ్వే గాడిపొయ్యి తవ్వారు. దాని మీద గుండిగలు. సూర్రావు బావమరిది వంటలకు వెళతాడట, అతని సామానంతా దిగిపోయింది. నేల మీద పొడుగ్గా పట్టాలు, వాటి మీద అరిటాకులు, ఆకుల ముందు మనుషులు. సత్యవతి గారు చీర చెంగు బిగించి బంతుల మధ్య తిరుగుతున్నారు.

"పిన్నిగారూ, ఏంటిదంతా?"

"శాంపిలండీ," అన్నారావిడ, ఒక పెద్దాయన వద్దు వద్దని చెయ్యి అడ్డం పెడుతుంటే వేళ్ల సందుల్లోంచి అన్నం వడ్డిస్తూ.

"చెంచాలేవి?"

"పెరుగు తీయడానికి వాడుతున్నాం కదండీ."

రెండో బంతి లేచింది. తిన్నవాళ్లు చేతులు కడుక్కుని, త్రేన్చి, "ఎవరో గానీ పుణ్యాత్ములు" అని దీవించి, నిద్ర ముంచుకొస్తోందంటూ ఇళ్లకి పోతున్నారు. ఒక్కరూ ఒక్క వంకాయ కొనలేదు. అంత తిన్న మనిషి ఇక వంకాయ ముఖం ఎలా చూస్తాడు? బియ్యం బస్తాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటికి ఆనుకుని ఇద్దరు కునుకు తీస్తున్నారు.

మాఘమాసం, వీధికో పెళ్లి జరుగుతున్న రోజులు. దారినపోయేవాళ్లకి పొగ, అరిటాకులు, మధ్యలో పట్టుపంచెలో నేను కనిపించాం. ఇంకేం కావాలి? ఒకాయన నేరుగా వచ్చి నా చేతిలో కవరు పెట్టి, నెత్తిన చెయ్యి వేశారు.

"ఎవరండీ మీరు?" అన్నాను.

"మీ నాన్నకి బాగా తెలుసులే. అమ్మాయిది ఏ ఊరు బాబూ?"

"ఏ అమ్మాయండి?"

"సిగ్గుపడకు. మగపెళ్లివారికి కుర్చీలు వేయించలేదేంటి? ఆ మాత్రం చూసుకోవద్దూ?"

ఆయన వెనకాల వాళ్లావిడ నన్ను ఎగాదిగా చూసి, "పిల్లాడు పర్లేదు, కాస్త రంగు తక్కువ," అంది. నేను కవరు పట్టుకుని వాళ్ల వెంటపడి, ఇది పెళ్లి కాదు మార్కెట్ అని మొత్తుకున్నాను. వాళ్లు మూడో బంతిలో సుఖంగా కూర్చున్నారు.

సరిగ్గా అప్పుడు గేటు దగ్గర పద్మనాభం గారి కారు ఆగింది.

ఆయన దిగారు. పొయ్యి చూశారు, బంతి చూశారు, నా పంచె చూశారు, నా చేతిలో కవరు చూశారు. ముఖం ఎర్రబడింది.

"కూరగాయలమ్ముకుంటానని నా దగ్గర ఊరికే తీసుకుని, పెళ్లిళ్లకి అద్దెకిస్తున్నావట్రా?"

"అయ్యో, కాదండి బాబాయిగారూ, ఇది మార్కెట్టేనండి!"

"మార్కెట్టా? కొనేవాడేడీ? ఒక్కణ్ణి చూపించు."

ఎవర్ని చూపించను? అందరి చేతులూ ఎంగిలిగా ఉన్నాయి. "రేపొద్దున పార్కింగ్‌వాళ్లని రమ్మంటున్నా," అని ఆయన జేబులోంచి ఫోను తీశారు. నాకు ఆ క్షణంలో సినిమా హాలు గుర్తుకు రాలేదు, నా ఎంబీయే గుర్తుకు రాలేదు. సత్యవతి గారి వసారాలో గోడవార పేర్చిన బస్తాలు కళ్లముందు కదిలాయి. కళ్లనీళ్లు తిరిగాయి. పట్టుపంచె కట్టుకుని జనం మధ్య నిలబడి ఏడుస్తున్న నన్ను చూసి, ఇందాకటి ఆవిడ, "అప్పగింతలప్పుడు ఏడ్చేది పెళ్లికూతురు కదూ!" అని ఆశ్చర్యపోయింది.

ఫోను అవతల మోగుతుండగానే సత్యవతి గారు గిన్నె పట్టుకుని వచ్చేశారు.

"కోపం తరవాతండీ. వేళ దాటిపోతోంది. ముందు కూర్చోండి."

"నేను తినడానికి రాలేదమ్మా."

"తినడానికని ఎవరొస్తారండీ? వచ్చాక తింటారు గానీ. ఆకేయండ్రా బాబుగారికి!"

పద్మనాభం గారికి పొలాలున్నాయి, మేడలున్నాయి, కోర్టులో గెలిచిన దావాలున్నాయి. కానీ వేడన్నం గిన్నెతో ఎదురుగా నిలబడిన ఆడమనిషికి కాదని చెప్పడం మా జిల్లాలో పుట్టినవాడెవడికీ చేతకాదు. "కూసింత చాలు," అంటూ కూర్చున్నారు. మొదట ఆవకాయన్నం. నెయ్యి. ఎడంచేత్తో ఫోను జేబులో పడేశారు. పప్పు వచ్చింది. మారు వడ్డించారు. వద్దనలేదు. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూసుకున్నారు. నేను పక్కన నిలబడి, అన్నం మెతుకుల్ని కోర్టు తీర్పు చూసినట్టు చూస్తున్నాను.

"ఈ బియ్యం ఎక్కడివమ్మా?" అన్నారు చివరికి.

"మా చేలోవేనండి."

"మా అమ్మ వండిన రోజుల్లో వచ్చేది ఈ వాసన. మళ్లీ ఇన్నేళ్లకి..." ఆయన ఆకు మడిచారు. "రెండు బస్తాలు కార్లో వేయించు," అన్నారు.

ఆ మాట విని పక్క ఆకుల్లోవాళ్లూ, మాకూ కావాలి, మాకూ కావాలి అని లేచారు. కవరిచ్చిన పెద్దాయన ఫోను తీసి, "స్కానర్ ఎక్కడమ్మా?" అన్నాడు. నేను ఆనందం పట్టలేక బస్తా మీద కునుకుతున్న మనిషిని లేపి పక్కకి తోశాను.

సత్యవతి గారు కదల్లేదు.

"ఇవాళ అమ్మనండి," అన్నారు.

నాకు సరిగ్గా వినబడలేదనుకున్నాను.

"పిన్నిగారూ! కొంటామంటున్నారు!"

"నా చేత్తో అన్నం పెట్టానండీ బాబూ. ఆ చెయ్యి ఆరకముందే డబ్బుల కోసం చాపనా? దానికోసవే పెట్టిందనుకోరూ?"

"దానికోసమే పెట్టాం పిన్నిగారూ! శాంపిలంటే అదే!"

"మీరు చెప్పింది మీ హైదరాబాదులో చెల్లుతుందండి. ఇవాళ వీళ్లు నా ఇంటికొచ్చిన మనుషులకింద లెక్క. వచ్చే ఆదివారం రమ్మనండి, అప్పుడు బేరమాడి మరీ అమ్ముతాను."

నేను చేతులు జోడించాను. సూర్రావు చేత చెప్పించాను. నేల మీద కూర్చుని బతిమాలాను. ఏడాదిగా వసారాలో మగ్గుతున్న బియ్యానికి జనం డబ్బు చేత్తో పట్టుకుని నిలబడితే, తిన్నవాళ్లన్న ఒక్క కారణానికి ఆ తల్లి అమ్మనంటోంది! ఇలాంటి వ్యాపారి గురించి మాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు. ఇక అయిపోయిందనుకున్నాను. కొనేవాడు దొరికినా కొనలేని సంతని ఎవరుంచుతారు?

పద్మనాభం గారు నెమ్మదిగా చెయ్యి కడుక్కుని, ఇందాకటి ఫోను మళ్లీ తీశారు. నేను తల దించుకున్నాను.

"హలో... ఆ, నేనే. పార్కింగ్ కుదరదయ్యా. ఎందుకు కుదరదా? వచ్చే ఆదివారం ఇక్కడ సంత లేకపోతే నేను బియ్యం ఎక్కడ కొనుక్కోవాలి?"

ఆ వచ్చే ఆదివారం గోనెసంచులు పట్టుకుని వచ్చినవాళ్ల వరస గేటు బయటిదాకా ఉంది. సత్యవతి గారు చెప్పినట్టే ఒక్కొక్కరితో హోరాహోరీ బేరమాడి, ఒక్క రూపాయి తగ్గకుండా అమ్మారు. మధ్యాహ్నానికి బస్తాలన్నీ ఖాళీ. ఆవిడ భర్త ఆ సాయంత్రమే అదే వరికి మళ్లీ నారు పోస్తానన్నాడట. ఆ మాట ఆవిడ ఫోన్లో చెప్తుంటే నేను కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుని, నాన్న చూడకుండా కళ్లు తుడుచుకున్నాను.

కాబట్టి చదువరులారా, గోదావరి నీళ్లు దోసిట పట్టి, తూర్పుకి తిరిగి ప్రమాణం చేస్తున్నాను. ఈ తూర్పు పశ్చిమ గోదావరి జిల్లాల్లో ఊపిరి ఉన్నంతవరకూ, ఏ మనిషికీ "కాస్త రుచి చూపించండి" అని చెప్పను. తప్పనిసరై ఎప్పుడైనా చెప్పవలసి వస్తే, పట్టుపంచె మాత్రం కట్టను.