పదకొండో నంబరు గొడుగు

మా నెట్టునో బీచ్‌లో కొత్తవాళ్లొస్తే పేరు ఎవరూ అడగరు. "ఏ వరసండీ?" అని అడుగుతారు. ముందు వరస అంటే నీళ్ల పక్కన. ఐదో వరస అంటే షవర్ల పక్కన, మా వంటగది పొగలో. వరసకి పదకొండు గొడుగులు, గొడుగు కింద రెండు పడక కుర్చీలు, ఒక చిన్న బల్ల. ఏ గొడుగు ఎవరిదో ప్రతి ఏడూ వాళ్లదే. తాత పోతే కొడుక్కి, కొడుకు పోతే మనవడికి. ఇళ్లూ పొలాలూ పంచుకునేటప్పుడు కూడా అంత కొట్లాడుకోరు.

బీచ్ ఓనరు సెత్తిమో మా బావగారు. నేను కాఫీలూ టిఫిన్లూ అమ్మే మా బార్ వెనక నూనె మూకుడు దగ్గర నిలబడి బొంబొలోనెలు వేయిస్తుంటాను. పిండి ముద్దని నూనెలో పొంగించి, లోపల క్రీమ్ నింపి, పంచదారలో పొర్లించేవే అవి. ముప్ఫై నాలుగు వేసవులుగా చూస్తున్నాను. ముందు వరస వాళ్లు సగం తిని సగం వదిలేస్తారు. ఐదో వరస వాళ్లు కాగితానికి అంటిన పంచదార కూడా నాకుతారు. రెండూ చేసేది లోరెదానా ఒక్కతే. అందరూ చూస్తుండగా సగం తిని, ఇక చాలన్నట్టు పక్కన పెట్టేది. తర్వాత ఆ సగాన్ని నాప్‌కిన్‌లో చుట్టుకుని, బట్టలు మార్చుకునే గదిలోకి పోయి తలుపేసుకుని తినేది.

లోరెదానాది సస్సువోలో అనే ఊరు. పెంకులూ టైల్సూ చేస్తారు. అక్కడ బట్టలు సరిచేసే కొట్టు నడుపుతుంది. ప్యాంటు అంచులు మడవడం, జిప్పులు మార్చడం, పెళ్లినాటి గౌను పట్టని వాళ్లకి కాస్త వదులు చేసిపెట్టడం. ఏడాదిలో యాభై వారాలు అదే పని. మిగిలిన రెండు వారాలు ఆగస్టులో మా దగ్గర. ఆ రెండు వారాల్లో ఆమె నోట "కొట్టు" అనే మాట రాదు. "మా అటెలియే" అంటుంది, పెద్ద ఫ్యాషన్ దుకాణాల వాళ్లలాగా.

ముప్ఫై ఒక్క ఏళ్ల కిందట మొదటిసారి వచ్చినప్పుడు ఐదో వరసలో దిగింది. అదే రోజు పక్క గొడుగులో దీనా దిగింది. దీనా బడిలో వంటమనిషి, ఆమె మొగుడు రెంజో బస్సు డ్రైవరు. మొదటి రోజు మధ్యాహ్నమే దీనా తువ్వాలు కిందనుంచి ఒక డబ్బా తీసింది. చల్లటి అన్నంలో ట్యూనా చేప, ఆలివ్‌లు, ఊరబెట్టిన కూరముక్కలు, ఉడికిన గుడ్డు. బయటి తిండి తేకూడదని మా బావ బోర్డు పెట్టాడు గానీ, ఐదో వరసలో ఎవరేం తింటున్నారో ఆయన ఎప్పుడూ తొంగిచూడలేదు. ఆ డబ్బాలోంచి ఇద్దరూ ఒకే చెంచాతో తిన్నారు. అప్పటినుంచీ స్నేహం. మర్నాటినుంచీ దీనా సంచిలో లోరెదానాకని ఇంకో చెంచా ఉండేది.

దీనా ఐదో వరసలోనే ఉండిపోయింది. లోరెదానా మాత్రం ఎక్కుతూ పోయింది. మా దగ్గర వరస మారాలంటే ముందున్న వాళ్లెవరైనా చావాలి, లేదా విడాకులు తీసుకోవాలి. అందుకని లోరెదానా అందరి ఆరోగ్యమూ అడుగుతుండేది. "మీ గుండె ఎలా ఉందండీ? రాత్రిళ్లు నిద్ర పడుతోందా?" ముందు వరస ముసలాళ్లు ఆమెని ఎంత మంచి మనిషో అనుకునేవాళ్లు. అలా ఇరవై ఎనిమిదేళ్లకి రెండో వరస చేరింది. అక్కడ ఆగిపోయింది. ముందు వరస వాళ్లు చావరు. రోజుకి సగం పీచ్ పండు తిని తొంభై ఏళ్లు బతుకుతారు.

కిందటేడు ఫిబ్రవరిలో పెద్ద తుఫాను వచ్చి ముందు వరస ఉండే ఇసకంతా సముద్రం లాక్కుపోయింది. మర్నాడే లోరెదానా ఫోను.

"సెత్తిమో, ఎంత పోయింది?"

"నాలుగు మీటర్లు."

"అంటే... ముందు వరసంతా?"

"అంతా."

"అయ్యో పాపం" అంది. మా బావ ఫోను పెట్టేసి, "పాట పాడుతున్నట్టుంది దాని గొంతు" అన్నాడు.

ముందు వరస పోతే రెండో వరసే ముందు వరస కదా! నోట్లో గుండుసూదులు పెట్టుకునే సస్సువోలో ఊరంతటికీ చెప్పుకుంది. కుట్టడం మొదలుపెట్టింది. తెల్ల నార ప్యాంటు, ఒంటికి చుట్టుకునే సన్నటి బట్టలు నాలుగు, గడ్డి టోపీకి పట్టు రిబ్బను. అన్నీ మా బజారు కొట్ల అద్దాల ముందు నిలబడి కళ్లతో కొలతలు తీసుకున్నవే. ఆ కొట్ల కాగితపు సంచులు ఎప్పటివో దాచి ఉంచింది. వాటికి కూడా ఇస్త్రీ చేసింది.

ఇబ్బందల్లా ఏమిటంటే, ముందు వరస వాళ్లు తమ వరస పోయిందని అనుకోలేదు. తాము ఎక్కడ కూర్చుంటే అదే ముందు వరస అన్నారు. అందరూ ఒక్కో వరస వెనక్కి జరగాలి. అలా జరిగితే ఐదో వరసకి చోటు లేదు, వాళ్లే బయటికి పోవాలి. మా బావ పిరికివాడు. ఎటూ చెప్పలేక, "వాళ్లు రావాల్సింది రెండో వరస నేల మీదికి. కాబట్టి రెండో వరస వాళ్లే తేల్చుకోండి" అని మే నెల మొదటి ఆదివారం మా బార్‌లో సమావేశం పెట్టాడు. రెండో వరసలో పాతది, గొంతున్నది లోరెదానాయే. ఆమె ఏమంటే అదే ఖాయం.

ఆ ఉదయం దీనా, రెంజో కూడా వచ్చారు. దీనా లోరెదానా బుగ్గలు రెండూ పట్టుకుని ఊపింది.

"ఒసే, నాకేం భయం? నువ్వున్నావుగా. ముందుకి పోయినా వెనక్కి తిరిగి చెయ్యూపితే చాలు."

"ఛ, నీకు చెప్పాలా" అంది లోరెదానా.

సమావేశం మూడింటికి. పది గంటలకి, సిన్యోరా అని అందరూ గౌరవంగా పిలిచే ఫుల్వియా బార్ ముందు ఆగింది. మిలాన్‌లో పేరూ డబ్బూ ఉన్న నోటరీ గారి భార్య, ముందు వరస ఆరో నంబరు. ఇన్నేళ్లలో లోరెదానాని చూసి ఆమె తల ఊపడమే గానీ నోరు తెరిచింది లేదు.

"లోరెదానా, బజారుకి వెళ్తున్నా. తోడొస్తారా? మీ అభిరుచి బావుంటుంది."

లోరెదానా నా వంక చూసింది. విన్నావా, నన్ను పేరు పెట్టి పిలిచింది, అన్నట్టు.

మా బజారు సంగతి మా ఊళ్లో అందరికీ తెలుసు. వీధి మొగన పందిళ్ల కింద చవక సరుకు, వీధి లోపల అద్దాల కొట్లలో ఖరీదు సరుకు. గొప్పవాళ్లు పందిట్లో కొని, అద్దాల కొట్టు సంచిలో పెట్టుకుని నడుస్తారు. ఫుల్వియా పందిట్లో ఒక ఉన్ని శాలువా తీసుకుని, పట్టుకెళ్లడానికి సంచి లేక దిక్కులు చూసిందట. లోరెదానా తన చేతిసంచిలోంచి ఇస్త్రీ చేసిన కాగితపు సంచి తీసి ఇచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కానీ అక్కడినుంచి ఫుల్వియా ఆమె చెయ్యి పట్టుకునే నడిచింది. ఐస్‌క్రీమ్ తిన్నారు. ఫుల్వియా సగం తిని పడేసింది, లోరెదానా కూడా కళ్లు మూసుకుని పడేసింది. అప్పుడు ఫుల్వియా అసలు మాట అంది.

"మా ఆడపడుచు ఈ ఏడు రావట్లేదు. పదకొండో నంబరు ఖాళీ. ముందు వరస. మన మధ్య మీలాంటి మనిషి ఉంటే బావుంటుందని అనుకుంటున్నాం."

"ముందు వరస మొత్తం వస్తుందంటున్నారు కదా సిన్యోరా, మా రెండో వరస వాళ్లకి..."

"నేల రావడం వేరు, మేం పిలవడం వేరు."

ఇదంతా తర్వాత లోరెదానాయే నాకు చెప్పింది. సిగ్గుపడుతూ కాదు, మురిసిపోతూ.

రెండో వరసలో మిగతా పదిమందికీ ఆ సాయంత్రం ఫుల్వియా తోటలో పానీయాలకి పిలుపు అందింది. ఆ గేటు లోపల ఏముందో చూడాలని వాళ్లకి ముప్ఫై ఏళ్ల కోరిక. ఇంకేం నోరు లేస్తుంది?

మూడింటికి లోరెదానా లేచి నిలబడింది. "నంబరంటే నంబరే. సముద్రం వస్తుంది, పోతుంది. పాత కుటుంబాల మర్యాద మనం కాపాడాలి" అంది. దీనా నవ్వింది, వేళాకోళం అనుకుని. పక్కనున్న రెంజో మోచేత్తో పొడిచాక నవ్వు ఆపింది.

"అంటే మేం?"

లోరెదానా టోపీ రిబ్బను సరిచేసుకుంది. "వచ్చే ఏడు ఎవరైనా ఖాళీ చేస్తే, సెత్తిమో చూస్తాడు."

"నీ చెంచా నా దగ్గరే ఉందే" అంది దీనా. మొగుణ్ణి తీసుకుని బస్సుకి వెళ్లిపోయింది.

ఆగస్టు వచ్చింది. లోరెదానా తెల్ల నార ప్యాంటు వేసుకుని పదకొండో నంబరు దగ్గరికి ఎలా నడిచిందో చూడాలి. పెళ్లికూతురు కూడా అంత నెమ్మదిగా నడవదు. పడక కుర్చీ మీద వాలి, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, సముద్రం వైపు ఫోటో తీసి సస్సువోలో మొత్తానికి పంపింది.

ఆ ఆడపడుచు ఎందుకు మానుకుందో అప్పటిదాకా ఎవరూ ఆమెకి చెప్పలేదు. పదకొండోది వరసలో చివరి గొడుగు. దాని పక్కన ఒక తాడు. తాడు అవతల ఊరి ఉమ్మడి బీచ్. ఎవరైనా వచ్చి తువ్వాలు పరుచుకోవచ్చు, నీళ్లదాకా జరగొచ్చు, అడిగేవాడు లేడు.

పదకొండు గంటలకి తాడు అవతల ఒక మడత బల్ల తెరుచుకుంది. రెండు కుర్చీలు, ఒక పూల గొడుగు, నీళ్లలో చల్లబెట్టిన పుచ్చకాయ. కుర్చీలు ఎంత ముందుకంటే, అలలు వాళ్ల మడమలు కడుగుతున్నాయి. మా ముందు వరస కాస్తా రెండో వరసైపోయింది. కుర్చీలో దీనా.

"రెంజో, ఇదిగో! జన్మలో మొదటిసారి నా ముందు ఎవరి వీపూ లేదు!" అని అరిచింది. బీచంతా విన్నారు.

ఫుల్వియా కళ్లద్దాలు కిందికి జార్చింది. "ఎవరా మనుషులు? మీవైపే చూస్తున్నారు. తెలిసినవాళ్లా?"

దీనా పుచ్చకాయ కోస్తున్న చెయ్యి ఆపింది. లోరెదానా తాడు వైపు చూడలేదు.

"తెలీదు సిన్యోరా."

దీనా విన్నది. ఆమె భుజాలు కిందికి జారడం నేను మూకుడు దగ్గరనుంచే చూశాను. కాసేపటికి మళ్లీ కత్తి కదిలింది.

నాలుగు రోజులు గడిచాయి. ముందు వరసలో మధ్యాహ్నం డబ్బా తెరవకూడదు. మా బార్‌లో కొనుక్కు తినాలి, లేదా ఆకలి లేనట్టు ఉండాలి. ఫుల్వియా సగం పీచ్ తిని మిగతా సగం లోరెదానాకి ఇచ్చేది, అది పెద్ద గౌరవమన్నట్టు. కార్డులాట లేదు, గట్టిగా నవ్వడం లేదు. మాటలన్నీ ఎవరి మోకాళ్లకి ఎక్కడ ఆపరేషన్ అయిందనే. తాడవతల రోజూ ఒంటిగంటకి డబ్బా మూత చప్పుడు, ట్యూనా వాసన, రెంజో పాత బస్సు జోకులు. ఆ జోకులన్నీ లోరెదానాకి ముందే తెలుసు గనక, నవ్వొచ్చే చోట పెదాలు బిగబట్టుకునేది. ఆమె వైపు ఒక్క చెంచా కూడా రాలేదు.

ఐదో రోజు ఒంటిగంటకి లేచింది. నీటి అంచున నడిచే దారి అందరిదీ, అక్కడ తాడు లేదు. నార ప్యాంటుతో, టోపీతో, ఏదో షికారుకి వెళ్తున్నట్టు నడుస్తూ పోయి, బల్ల దగ్గర ఆగింది.

దీనా తల ఎత్తింది. "ఎవరమ్మా మీరు?"

"దీనా..."

"తెలీదే. రెంజో, నీకు తెలుసా?"

రెంజో పుచ్చకాయ గింజ ఉమ్మాడు. "ఎక్కడో చూసినట్టుంది. బస్సులో టికెట్ లేకుండా ఎక్కిందేమో."

లోరెదానా అక్కడే నిలబడింది. అలొచ్చి ప్యాంటు అంచులు తడిపింది. ఆ అంచులు తనే మడిచి కుట్టుకున్నవి. "ఆకలేస్తోందే" అంది చివరికి. ఇంకే క్షమాపణా ఆమె నోట రాలేదు.

దీనా డబ్బా ఆమె వైపు జరిపింది. "కూర్చో. కుర్చీ లేదు, ఇసకలో కూర్చో."

కూర్చుంది, ఆ తెల్ల ప్యాంటుతో, తడి ఇసకలో. దీనా సంచి వెతికి ఒక పాత చెంచా తీసి ఆమె ఒళ్లోకి విసిరింది. లోరెదానా డబ్బాలో తల పెట్టినంత పని చేసింది. గుడ్డు ముక్క పైపెదవికి అంటుకుని మీసమైంది. అన్నం అయిపోయాక చెయ్యి తుడుచుకుని లేవబోతుంటే దీనా ఆపింది.

"తిన్నావుగా. డబ్బా కడుగు."

"ఇక్కడా?"

"మరి? నీళ్లు ముందే ఉన్నాయి. నీ వరస ముందే."

లోరెదానా ముందు వరస పది గొడుగుల వైపూ చూసింది. అన్నీ నల్ల కళ్లద్దాలే. మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగి, వంగి, గుప్పెడు ఇసకతో డబ్బా తోమింది. మూత కూడా. మెతుకుల కోసం చిన్న చేపలు చుట్టూ మూగాయి.

"ఆవిడ మన పదకొండో నంబరు కాదూ?" అంది ఫుల్వియా, బార్ దగ్గర కాఫీ తాగుతూ.

"అవును సిన్యోరా, ఆవిడే" అన్నాను నేను. ఆ ముక్క చెప్పడానికి నాకు ఎంత బావుందో.

అప్పటినుంచీ మిగిలిన రోజులన్నీ ఒంటిగంటకి వెళ్లేది, తినేది, కడిగేది. దీనా మాట్లాడేది గానీ బుగ్గలు పట్టుకోలేదు. ఫుల్వియా పీచ్ ముక్క ఇవ్వడం మానేసింది. ఇక ముందు వరస మోజు తీరిపోయిందనే అనుకున్నాను నేను.

ఆఖరి సాయంత్రం లోరెదానా బార్‌కి వచ్చి మా బావని పిలిచింది. "పదకొండో నంబరు వచ్చే ఏడుకి కూడా నాకే రాయి" అంది. తర్వాత నా దగ్గర ఒక బొంబొలోనె తీసుకుంది. అందరి ముందూ నిలబడి సగం తిని, మిగతా సగం నాప్‌కిన్‌లో చుట్టింది. దీనాకి పట్టుకెళ్తోంది కాబోలు, పోనీలే అనుకున్నాను.

బట్టలు మార్చుకునే గది తలుపు గడియ పడిన చప్పుడైంది.