బోల్టుల దుకాణం సర్దిపెట్టిన పుణ్యం

కుదరబోయే ఉద్యోగాన్ని అరగంటలో ఊడగొట్టడం ఎలాగో తెలుసుకోవాలంటే నన్ను అడగండి. పైగా వికలాంగులకు ఉద్యోగాలు ఇప్పించడమే నా ఉద్యోగం!

నేను చేరి అప్పటికి నెలే. ఉత్సాహంతో కాలు నేలమీద నిలిచేది కాదు. చండ్రుగొండ రాములన్నకు చూపు లేదు, కానీ వేళ్లతో తడిమి ఏ బోల్టు ఏ సైజో చెప్పేస్తాడు. ఖమ్మంలో నట్లు, బోల్టులు అమ్మే జబ్బార్ భాయ్ వారం రోజులు చూసి పనిలో పెట్టుకుంటానన్నారు. ఆఖరి రోజు శుక్రవారం, ఎలా చేస్తున్నాడో చూద్దామని నేనూ దుకాణానికి వెళ్లాను. భాయ్ నమాజుకు, రాములన్న భోజనానికి బయల్దేరారు.

"మేడమ్, జర దుకాణం చూస్తుండుండ్రి" అన్నారు భాయ్.

చూడమన్నారు, అంతే. నేను ఊరుకుంటానా? డబ్బాలన్నీ చిందరవందరగా కనిపించాయి. పాపం, రాములన్న వీటిలో ఎంత అవస్థ పడుతున్నాడో! చున్నీ నడుముకు బిగించి అన్నిటినీ వరుసగా సర్దేశాను. ఎర్ర స్కెచ్ పెన్నుతో పేర్లు రాసి అంటించాను కూడా. ఎవరు చదవడానికో మాత్రం అడక్కండి!

వాళ్లిద్దరూ తిరిగొచ్చారో లేదో, కారేపల్లి రైతు ఒకాయన పరుగున వచ్చాడు. "నాగలి బోల్టులు నాలుగు, జల్దీ! ట్రాక్టర్ చేన్లనే ఆగింది!"

రాములన్న అలవాటైన చోట చెయ్యి పెట్టాడు. వాషర్లు. పక్క డబ్బాలో మేకులు. ముఖం పాలిపోయింది.

"ఏంది రాములూ, పొద్దుగాల దాంక మంచిగనే ఇస్తుంటివి గదా?"

"నా చేతులకేమో అయింది భాయ్" అన్నాడు రాములన్న. ఆ మాటకు నాకు ఏడుపొచ్చేసింది.

"చేతులకేం కాలేదన్నా, నేనే సర్దాను!"

భాయ్ కళ్లజోడు పెట్టుకుని చదివారు. "చిన్న బోల్టు. కొంచెం పెద్ద బోల్టు. ఇంకొంచెం పెద్ద బోల్టు... గిదేం సైజు మేడమ్?"

ఆయన రెండో అర దాటకముందే రాములన్న డబ్బా డబ్బా తడిమి, నాలుగు బోల్టులూ రైతు చేతిలో పెట్టేశాడు!

"శభాష్! నీ నౌకరీ పక్కా, రాములూ!" అన్నారు భాయ్. నేను ఎగిరి గంతేశాను.

"ఒక్క మాట భాయ్" అన్నాడు రాములన్న. "మేడమ్ వచ్చేటప్పుడు ముందే చెప్పుండ్రి. షట్టర్ దించుకుంటా."

అందుకే ముక్కోటి దేవతల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. సాయం ఎవరికో వాళ్లను అడగకుండా ఒక్క వాషర్ కూడా కదపను. ఇప్పుడు మా ఇంట్లో చింతపండు డబ్బా జరపాలన్నా అమ్మ అనుమతి తీసుకుంటున్నాను.