తువ్వాల కింద సీటు బేరం

పై చదువు సీటు కోసం ఏడ్చినవాళ్లను చూశాను, మొక్కులు మొక్కినవాళ్లను చూశాను. కానీ చేతికందిన సీటును చేజేతులా పోగొట్టుకోబోయినవాణ్ని మాత్రం అద్దంలో తప్ప ఇంకెక్కడా చూడలేదు. ఆ ఘనకార్యం ఎలా చేశానో చెబుతాను. నవ్వితే నవ్వండి గానీ మా మనవల చెవిన వేయకండి. వాళ్ల దృష్టిలో నేనింకా పెద్దమనిషినే.

మా బాపు హుస్నాబాద్ అంగట్లో పశువుల దళారి. ఎద్దు నోరు తెరిచి పండ్లు చూశాడంటే దాని వయసు చెప్పేవాడు, నాలుగడుగులు నడిపించాడంటే దాని గుణం చెప్పేవాడు. ఆయన జోడీ ఖాజామియా చాచా. ఒకరు అమ్మేవాడి వైపు, ఒకరు కొనేవాడి వైపు. అంగడి రోజు ఇద్దరూ బద్ధశత్రువులు, మర్నాడు ఒకే బీడీ చెరిసగం.

మా అంగట్లో ధర నోటితో చెప్పరు. ఇద్దరూ చేతులు కలుపుతారు, పైన తువ్వాల కప్పుతారు, లోపల వేళ్లు నొక్కుకుంటారు. ఒక వేలు నొక్కితే వంద, సగం వేలు నొక్కితే యాభై. చుట్టూ మూగినవాళ్లకు ఒక్క ముక్క తెలియదు. నేను ఆరో తరగతి నుంచి సెలవులన్నీ అక్కడే గడిపాను కాబట్టి చాచా నాకూ ఆ విద్య నేర్పాడు.

"నోరు తెరిస్తే బేరం చెడ్డట్టే బేటా. ఆడు చెయ్యి గుంజుకుంటడు, నువ్వు మాత్రం ఇడువకు. తువ్వాల ఇడిసినప్పుడే బేరం తెగినట్టు," అనేవాడు.

బేరం వచ్చింది గానీ నాకు ఎడ్లే రాలేదు. నన్ను చూస్తే సాధువైన ఎద్దుకు కూడా ఎక్కడలేని పౌరుషం పుట్టుకొచ్చేది. ఖానాపూర్ నుంచి తోలుకొచ్చిన ఒక బూడిదరంగు మైల ఎద్దు తన్నిన తన్నుకు వారం రోజులు బోర్లా పడుకుని అన్నం తిన్నాను. అప్పుడే నిశ్చయించుకున్నాను, బతికితే ఎద్దు లేని బతుకే బతకాలని.

నేను కరీంనగర్‌లో బి.ఏ. ముగించేసరికి, హైదరాబాదులో వ్యాపార నిర్వహణ అని రెండేళ్ల పెద్ద చదువొకటి కొత్తగా మొదలుపెట్టారు. బాపుకు చెప్పాను.

"ఏం నేర్పుతరురా ఆడ?"

"వ్యాపారం చేసుడు నేర్పుతరు బాపు."

"రెండేండ్లా? గన్ని దినాలు సదివినంక ఒక్క ఎద్దన్న అమ్ముడు వస్తదా?"

"ఎడ్లు కాదు బాపు. ఫ్యాక్టరీలు నడుపుడు, లెక్కలు, చట్టాలు."

"ఎడ్లు లేని వ్యాపారం గూడ ఒక వ్యాపారమేనా!" అని బాపు మొహం తిప్పుకున్నాడు.

చేరాలంటే డిగ్రీ రెండో తరగతిలో పాసై ఉండాలి. నాకు వచ్చింది మూడోది. అయితే భగవంతుడు మూడో తరగతి వాళ్లకు కూడా ఒక సందు ఉంచాడు. ఏదైనా వ్యాపారంలో రెండేళ్ల అనుభవం ఉంటే, ఇంటర్వ్యూలో మెప్పిస్తే తీసుకుంటారట. చేరాక మొదటి ఏడు పద్దులు, గణాంకాలు, వాణిజ్య చట్టం చదవాలి. ఎండాకాలమంతా ఏదో ఒక ఫ్యాక్టరీలో పనిచేయాలి. రెండో ఏడు తనకు తెలిసిన వ్యాపారం మీద సొంతంగా ఒక పెద్ద వ్యాసం రాయాలి. అది రాయనివాడికి పట్టా లేదు.

"సరే పో," అన్నాడు బాపు చివరికి. "సీటు దొరికిందా, సదువుకో. దొరకలేదా, వచ్చే అంగడికి ఎడ్లను తోలే ములుగర్ర పట్టుకొని నా ఎంబడి నిలవడాలె. ఇంగ మల్ల మాట లేదు."

ఆ రాత్రి కలలో మైల ఎద్దు నన్ను చూసి తల ఊపింది.

మంచిర్యాల దగ్గర బొగ్గుగనిలో గుమాస్తాగా ఉన్న మా బావ కోటు అడిగి తెచ్చుకున్నాను. అందులో నాలాంటివాళ్లు ఇద్దరు పడతారు. బస్సెక్కబోతుంటే బాపు తన తువ్వాల తీసి కోటు మీద వేశాడు.

"కోటు మీద తువ్వాలేంది బాపు!"

"భుజం బోడిగుంటే మనిషిని ఎవలు లెక్కజేస్తర్రా? ఉండనియ్యి."

చాచా దగ్గరికొచ్చి చెవిలో చెప్పాడు: "ఫికర్ జెయ్యకు బేటా. ఏడికి వొయినా బేరం బేరమే. ముందుగాల అడిగే మాటలన్ని ఉత్తయే. ఆఖర్ల పెద్దాయన చెయ్యి సాపుతడు సూడు, గప్పుడు జర హుషారుగుండు."

పాఠకులారా, ఈ మాట గుర్తుంచుకోండి. నా కొంప ముంచింది ఇదే.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురున్నారు. మధ్యలో కళ్లద్దాల పెద్ద ప్రొఫెసరు, ఒక పక్క గణాంకాలు చెప్పే మేడమ్, ఇంకో పక్క ఏదో మిల్లుకు మేనేజరుగా చేసి దిగిపోయిన షేర్వాణీ ఆయన.

"మీకు మూడో తరగతి వచ్చింది. మిమ్మల్ని ఎందుకు తీసుకోవాలి?" అన్నాడు ప్రొఫెసరు.

"అంగట్ల పెరిగిన సార్. చిన్నప్పటి సంది బేరాలు సూసిన."

"అయితే ఎద్దుకు ధర ఎలా కడతారో చెప్పండి."

"వాన పడకముందు ఒక ధర, పడ్డంక ఒక ధర సార్. ఎద్దు పండ్లు ఒక్కసారి సూత్తే సాలు. అమ్మేటోని మొఖం మాత్రం మల్లమల్ల సూడాలె. ఆని అవుసరమంతా ఆడనే ఉంటది."

మేడమ్ ముసిముసిగా నవ్వింది. షేర్వాణీ ఆయన "వాహ్" అన్నాడు. ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకుని ఏదో అనుకున్నారు. అక్కడితో ఇంటికి వచ్చేస్తే ఈ కథే లేదు. ఏనుగు వెళ్లింది, తోక చిక్కింది.

ప్రొఫెసరు లేచి నిలబడి, చిరునవ్వుతో చెయ్యి చాపాడు.

షేక్‌హ్యాండ్ అనే వస్తువు ఒకటుందని నాకు తెలియక కాదు. పుస్తకాల్లో చదివాను. కానీ చదువుకున్నది నా బుర్ర, నా చెయ్యి చదువుకోలేదు. దానికి తెలిసిందల్లా అంగడే. పైగా చెవిలో చాచా మాట గంటలా మోగుతోంది. రెప్పపాటులో భుజం మీది తువ్వాల వచ్చి మా ఇద్దరి చేతుల మీద పడింది.

లోపల ప్రొఫెసరు నా చేతిని అయిదు వేళ్లతో గట్టిగా నొక్కాడు.

అయిదు! అయిదు వందలు! నా గుండె జారి కోటు జేబులో పడింది. బాపును అమ్మినా అంత రాదు. అయినా బెదరకుండా, ఆయన వేళ్లు మడిచి రెండే నొక్కాను.

"ఏమిటిది?" అన్నాడాయన.

"నోటితోని అనకుండ్రి సార్, పక్కోళ్లు వింటరు," అన్నాను గొంతు తగ్గించి.

"ఏమిటి వినేది?"

ఆయన చెయ్యి గుంజుకోబోయాడు. అబ్బా, గట్టి బేరగాడే! అనుకున్నాను. వదలకుండా ఇంకో సగం వేలు నొక్కాను.

"రెండున్నర సార్. ఇంతకంటే ఎక్కువ మా బాపు తోని కాదు. మీ కాళ్లు మొక్కుత."

"రెండున్నర ఏమిటి?" అంది మేడమ్ ముందుకు వంగి.

"మీరు జర అటు మళ్లుండ్రి అమ్మా, బేరం నడుస్తుంది."

"బేరమా? దేనికి?"

"సీటుకు!"

ప్రొఫెసరు మొహం పండుమిరపకాయ అయింది.

"నాకే లంచం ఇవ్వజూపుతావా? ఎంత ధైర్యం! సీటూ లేదు, గీటూ లేదు. నడు బయటికి!"

నా కళ్ల ముందు ములుగర్ర కనపడింది, దాని వెనకే మైల ఎద్దు. నిజం చెబుతున్నాను, ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో బుద్ధి ఉన్నవాడెవడైనా తప్పయిందంటాడు. నేనన్నదేమిటంటే:

"సార్... మీరింక తువ్వాల ఇడువలే. ఇడిసేదాక బేరం తెగనట్టే సార్!"

నిజమే. కోపంలో ఆయన నా వేళ్లను తువ్వాలతో సహా గుప్పిట బిగించి పట్టుకునే ఉన్నాడు. షేర్వాణీ ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అరే సాబ్, పట్టుకున్నది మీరే కదా!"

అప్పుడు ఏడుస్తూనే అంతా చెప్పాను. అంగడి, చాచా, వేళ్లు, వందలు, చివరికి మైల ఎద్దు తన్నిన చోటు కూడా.

"అయితే మీ వైపు చెయ్యి కలిపితే ధర చెప్పినట్టేనా?" అంది మేడమ్.

"మరేందమ్మా? ఉత్తగ ఎవలన్న ఎవల చెయ్యన్న పట్టుకుంటరా?"

ప్రొఫెసరు కుర్చీలో కూలబడ్డాడు. కళ్లద్దాలు తీసి నా తువ్వాలతోనే తుడుచుకున్నాడు.

"నాయనా, నీకు సీటు ఇచ్చేశామని చెప్పడానికే నేను చెయ్యి చాపింది."

ఆ ఎద్దు తన్ను కూడా నాకింత నొప్పి కలిగించలేదు.

"మరి ఇప్పుడు సార్?"

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత తనే తువ్వాల పరిచి, కింద చెయ్యి పెట్టి, నా రెండు వేళ్లు నొక్కాడు.

"రెండు వందలా సార్?" అన్నాను.

"రెండేళ్లు! నోరు మూసుకుని చదువు. రెండో ఏడు రాయాల్సిన వ్యాసం ఈ తువ్వాల బేరం మీదే. అది రాయకపోతే పట్టా ఇవ్వను."

బస్సు దిగి నేరుగా అంగడికి పరుగెత్తాను. బాపు, చాచా ఒక కోడె పక్కన నిలబడి ఉన్నారు.

"సీటు దొరికింది బాపు!"

"ఎంతకు తెగింది?" అన్నాడు బాపు.

"ఉత్తగనే ఇచ్చిండ్రు."

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. చాచా నా భుజం మీద చెయ్యి వేసి జాలిగా అన్నాడు: "పరేషాన్ గాకు బేటా. కానీ దాంట్ల ఏదో ఐబు, వంక ఉంటది. మంచిదాన్ని ఎవడన్న ఉత్తగిస్తడా?"

"పండ్లు సూసి ఒప్పుకున్నవా?" అన్నాడు బాపు.

ధర్మానికి ఇచ్చిన ఆవుకు పండ్లు పట్టి చూడొద్దంటారు. మా బాపు ధర్మానికి ఇచ్చిన సీటుకు కూడా పట్టి చూసే రకం. అయినా ఆ సాయంత్రం నా కోసం కొని ఉంచిన కొత్త ములుగర్రను చూరులో దోపి, "సదువుకో పో," అన్నాడు. అప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

కానీ ఆ ఇంటర్వ్యూ దెబ్బకు, హుస్నాబాద్ అంగట్లో ఉన్న సకల వృషభాల సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో భుజాన తువ్వాల వేయను, ఎవరు చెయ్యి చాపినా నా చెయ్యి ఇవ్వను. ఆ మాట తప్పలేదు. పట్టా ఇచ్చే రోజు వేదిక మీద పెద్దాయన ఒక చేత్తో పట్టా అందిస్తూ రెండో చెయ్యి చాపితే, నేను రెండు చేతులూ జోడించి వంగి దండం పెట్టాను. పట్టా కింద పడింది. పడితే పడింది, బేరం మాత్రం ఆడలేదు.