ఇంట్లో ఒకే భాష మాట్లాడమన్నారు

మా వీధిలోకి పొద్దున్నే వచ్చే ఉల్లిగడ్డల ఆటో మీద నాకొక ఫిర్యాదు ఉంది. గొంతు అరిగిపోతుందని మైకు వచ్చింది, మైకు పట్టుకోవడం కష్టమని రికార్డింగు వచ్చింది. ఇప్పుడు ఆటో మనిషి మూలమీద కూర్చుని టీ తాగుతుంటే, రికార్డింగు నా మీద పగబట్టినట్టు అరుస్తుంది. ధర మారినా అందులో మారదు. హిందూపురంలో మున్సిపాలిటీకి చెప్పుకోవలసినవాటిలో ఇది చిట్టచివరిది గనుక ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు ఆటో రాకముందే ఆ ప్రకటన మా ఇంట్లోంచి వినిపించింది. మా పాప లాస్యకు అప్పటికి మూడేళ్ళు నిండబోతున్నాయి. గోడవైపు తిరిగి కూర్చుని ప్రకటన మొత్తం, మధ్యలో వచ్చే దగ్గుతో సహా, అప్పజెప్పింది. నేను జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. బట్టీ కొట్టే పిల్లలంటే మా వృత్తిలో గౌరవం ఎక్కువ. పొంగిపోయి "లాస్యా" అని పిలిచాను. తిరగలేదు. మళ్ళీ పిలిచాను. చేతిలో ఉన్న ప్లేటు నేలమీద పడేశాను. ప్లేటుకు తిరిగింది, నాకు తిరగలేదు. నా విద్యార్థులూ ఇంతే గనుక అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. మధ్యాహ్నానికి భయం మొదలైంది.

ఊళ్ళోని పిల్లల డాక్టరు, చెవులు వినిపిస్తున్నాయో లేదో చూసే బెరా టెస్ట్ రాశాడు. పాపను నిద్రపుచ్చి, తలకు వైర్లు పెట్టి చేశారు. "హియరింగ్ నార్మల్" అన్నారు. సంతోషించాల్సిన మాట. నా భార్య సుజాత ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. చెవుడైతే మిషన్ పెట్టించవచ్చని అప్పటికే మనసు గట్టి చేసుకుందట.

అక్కణ్ణుంచి బెంగళూరు పంపారు. అక్కడి పెద్ద డాక్టరు పాపను బొమ్మలతో కాసేపు ఆడించి చూసి, "ఆటిజం స్పెక్ట్రమ్. స్పీచ్ డిలే ఉంది, ఎకోలేలియా ఉంది" అన్నాడు. ఆ చివరిది ఉల్లిగడ్డల ప్రకటనకు వైద్యంలో ఉన్న పేరు. తరువాత, "ఇంట్లో ఎన్ని భాషలు మాట్లాడతారు?" అని అడిగాడు.

నాది తెలుగు. సుజాత వాళ్ళది మడకశిర అవతల పల్లె, పుట్టింట్లో కన్నడం. వాళ్ళమ్మ మా దగ్గరే ఉంటుంది, పాపకు అజ్జి. ఆమెకు వచ్చింది కన్నడమొక్కటే. నర్సరీలో ఇంగ్లీషు. మా ఊళ్ళో ఇది జబ్బు కాదు. వంకాయల బేరం ఒక భాషలో మొదలై ఇంకో భాషలో తెగుతుంది.

"పాప కన్‌ఫ్యూజ్ అవుతోంది. ఇంట్లో ఒకే భాష. స్ట్రిక్ట్‌గా" అన్నాడాయన.

ఇంటికొచ్చి సుజాత వాళ్ళమ్మతో కన్నడంలో విషయం చెప్పింది. ఆ ఇంట్లో పాప వినేలా చెప్పిన ఆఖరి కన్నడం అదేనని అప్పుడు అనుకున్నాం.

"నాకు తెలుగు బరల్లప్పా" అంది అజ్జి నావైపు చూసి.

"రాకపోతే ఏమీ మాట్లాడొద్దమ్మా, కొన్నాళ్ళు" అంది సుజాత.

అజ్జి పాప బాగుపడితే చాలని కొంగుతో మొహం తుడుచుకుంది. ఆమె రోజూ అన్నం వేళకు "ఊటా ఆయ్తా బంగారీ?" అని అడిగేది, తిన్నావా అని. లాస్య ఎక్కడున్నా వచ్చి ఆమె ఎదుట నిలబడి "ఆయ్తు" అనేది. తినకముందు కూడా అదే అనేది గనుక మేం నవ్వుకునేవాళ్ళం. మరుసటి రోజు నుంచి అజ్జి కంచం పెట్టి నోరు మూసుకుంది. పాప కొన్నాళ్ళు అలాగే వచ్చి ఎదుట నిలబడింది. తరువాత రావడం మానేసింది.

ఇక సాయం చేసేవాళ్ళ కోసం వెతుకులాట. హిందూపురంలో తల్లిదండ్రుల సంఘం ఒకటి ఉండేది. నెలకోసారి కల్యాణ మండపం భోజనాల హాల్లో కలిసేవాళ్ళం. ప్రతిసారీ ఒక ముఖ్య అతిథి, ఒక శాలువా. అతిథి ప్రసంగం అయ్యేసరికి పిల్లలు ఏడుపు లంకించుకునేవాళ్ళు, మేం లేచేవాళ్ళం. అతిథులు దొరకడం తగ్గాక సంఘమూ తగ్గిపోయింది.

పెనుకొండలో ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక కేంద్రం ఉందంటే రైలెక్కాం. టీచరమ్మ ఒక్కతే. మంచి మనిషి. "ఈ వారం సర్వే డ్యూటీ ఏసినారు సార్, వచ్చే వారం రాండి" అనేది. వచ్చే వారం ఎలక్షన్ డ్యూటీ. ఆమె దొరికిన రోజుల్లో లాస్య ఆమె చెయ్యి పట్టుకుని రంగు పూసలు గుచ్చేది. ఆమెను బదిలీ చేశారు. కేంద్రం మూతపడి, ఆ గదిలోకి బడిపిల్లల భోజనానికి కోడిగుడ్ల ట్రేలు వచ్చాయి.

చివరికి ధర్మవరం. అక్కడ పట్టుచీరల అంగడాయన ఒకాయన, తన కొడుకు కోసం మొదలుపెట్టి, అంగడి వెనక గదిలో ఇలాంటి పిల్లలకు ఒక సంస్థ నడుపుతున్నాడు. మగ్గాల నుంచి మిగిలిన దారం కండెలను పిల్లలు రంగులవారీగా సర్దుతారు. శనివారాలు అనంతపురం నుంచి స్పీచ్ థెరపిస్టు వచ్చేది. చిన్న వయసు పిల్ల.

"ముందు ఎవురితోనన్నా మాట్లాడతా ఉండెనా సార్?" అని అడిగింది.

"లేదమ్మా. ఆటో ప్రకటన ఒకటే. ఆ, వాళ్ళజ్జి తిన్నావా అని కన్నడంలో అడిగితే అయిందనేది. అది లెక్కలోది కాదులే, తినకున్నా అదే అనేది."

ఆ అమ్మాయి రాయడం ఆపింది. "అదే కద సార్ మాటంటే? ఒకరు అడిగితే ఒకరు చెప్పేది. అదెందుకు ఆపినారు?"

"డాక్టరు చెప్పినాడమ్మా."

"రెండు భాషలుంటే ఆటిజం పిల్లలకు చెడుపు చేస్తాదనేది పాత మాట సార్."

సుజాత నన్ను పక్కకు జరిపి ముందుకొచ్చింది. "మేం ఆపకుండా ఉంటే ఆ మాట నిలిచేదా?"

"నిలిచేదని చెప్పలేను మేడం. పోయేదనీ చెప్పలేను."

తిరుగు రైల్లో పెనుకొండ దాటాక కూడా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆ రోజు మాకు ఒక భాష కూడా ఎక్కువైంది.

ఆ సాయంత్రం అజ్జి పాప ఎదుట కూర్చుని "ఊటా ఆయ్తా బంగారీ?" అంది. లాస్య ఫ్యాను చూస్తూ ఉంది. మర్నాడు అడిగింది. ఆ పై రోజు కూడా. ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

లాస్యకు ఇప్పుడు తొమ్మిదేళ్ళు. ఉల్లిగడ్డల ప్రకటన కూడా పోయింది. నీళ్ళకు, అన్నానికి, బాత్‌రూమ్‌కు బొమ్మల కార్డులు చూపిస్తుంది. కోపానికి ఇంకా కార్డు దొరకలేదు, దానికి పళ్ళతో నా మణికట్టు వాడుకుంటుంది. అందుకే ఎండాకాలంలోనూ ఫుల్‌హ్యాండ్స్ చొక్కాలు వేస్తాను. మా సారు స్టైలు మారిందని కాలేజీలో పిల్లలంటారు. ఆ థెరపిస్టుకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, వెళ్ళిపోయింది. ధర్మవరం గదిని ఇప్పుడు తల్లిదండ్రులమే వంతులవారీగా నడుపుతున్నాం. మాలో ఎవరికీ శిక్షణ లేదు. "మీ పాపకు ఎట్లుండాది?" అని ఎవరూ ఎవరినీ అడగం. అది అక్కడ అమల్లో ఉన్న ఏకైక మర్యాద.

ఈ స్థితిలో ఉన్న తల్లిదండ్రులకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఎవరైనా మీ ఇంట్లో ఒక భాష ఆపమంటే వెంటనే ఆపకండి. ఆ భాషలో పిల్ల ఎవరితో, ఎలా ఉంటోందో ఫోనులో వీడియో తీసి ముందు ఒక స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. పిల్ల తనంతట తాను ఎవరి దగ్గరికి వెళ్ళి నిలబడుతోందో, ఆ మనిషి నోరు మాత్రం మూయించకండి.

ఇదంతా రాసి నిన్న ఇంట్లో చదివి వినిపించాను. అజ్జి లాస్యకు తల దువ్వుతోంది, లాస్య ఆమె చెయ్యి తోసేస్తోంది. దువ్వెన ఆపకుండానే ఆఖరుదాకా విన్నది.

"అంతా సరిగానే రాసినారు" అంది. తరువాత అంది: "మీ వైద్యంతో నాకు తెలుగొచ్చిందప్పా. పాపకు ఏదీ రాలేదు."