ఊళ్ళో లేని మా మేనత్త

మా మేనత్త ఇక లేదన్న సంగతి పోయిన ఆదివారం తెలిసింది. పాలెం నుంచి వచ్చిన పాస్టరుగారు చర్చి మెట్ల దగ్గర నన్ను పక్కకు పిలిచి, "మీ అత్త పోయింది నాయనా. గంజి తాగి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు" అన్నారు.

ముత్తుకూరు దగ్గర ఉప్పు కయ్యల పక్కన, ఊరికి ఎడంగా ఉంటుంది మా పాలెం. తల్లి లేని నన్ను కూలి చేసి పెంచి, మిషను బడికి పంపింది అత్తే. నేనీనాడు నెల్లూరులో పిల్లలకు పాఠం చెబుతున్నానంటే ఆమె చలవే. పొయ్యి దగ్గర కీర్తన పాడుతూ మధ్యలో ఆపి, పులుసులో ఉప్పు చూసి, ఆపిన మాట దగ్గరే మళ్ళీ అందుకునేది.

మొదట్లో ఓట్ల పెట్టెలు మా పాలెం బడిలోనే పెట్టేవారు. అత్త తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని వెళ్ళేది. "ఆ తెర వెనకాల నేను ఎవురి కూలిదాన్నీ కాదురా" అనేది. ఓటు ఎవరికి వేసిందో నాకు కూడా చెప్పలేదు.

తర్వాతి ఎన్నికలకు పెట్టెలు ఊళ్ళోకి, పెద్దరైతు బియ్యం మిల్లులోకి మారాయి. అత్త మమ్మల్ని కొందరిని వెంటబెట్టుకుని నెల్లూరులో కలెక్టరు కచేరీకి వెళ్ళింది. అధికారి కసురుకోలేదు.

"కూలిజనం ఉండే చోటే పెట్టాలని ఇదివరకు ఉత్తర్వు ఉండేదమ్మా. దాన్ని తీసేసినారు. నా చేతిలో ఏం లేదు."

"తీసేసేటప్పుడు మమ్మల్ని అడిగినారా అయ్యా?"

ఆయన మా వెనక నిలబడ్డవాళ్ళను రమ్మన్నాడు.

ఓట్లనాడు మిల్లు గేటు దగ్గర పెద్దరైతు కొడుకు మంచం వేసుకుని కూర్చున్నాడు. వచ్చినవాళ్ళను పేరుపేరునా పలకరించాడు, అంతే. మావాళ్ళు చాలామంది అక్కడి నుంచే వెనక్కి తిరిగారు. అత్త లోపలికి వెళ్ళి ఓటు వేసి వచ్చింది. ఆ ఏడు నాట్లకు ఆమెను ఎవరూ పిలవలేదు. వెనుదిరిగినవాళ్ళను నేను తిడితే ఒప్పుకోలేదు. "భయం వాళ్ళది కాదురా, వాళ్ళ బిడ్డల కడుపులది" అంది.

ఆమె ఊళ్ళో ఉండడం లేదని తర్వాత ఎవరో అర్జీ పెట్టారు. ఇదివరకు ఓటర్ల జాబితాలో పేరు కొట్టేసే ముందు ఇంటికి వచ్చి విచారించేవారు. ఆ పద్ధతీ పోయింది. చావడి గోడకు కాగితం అంటిస్తే చాలన్నారు. మావాళ్ళను ఆ చావడి అరుగు ఎక్కనిచ్చిందెప్పుడు?

మొన్నటి ఎన్నికల్లో నేనే ఆమెను తీసుకెళ్ళాను. ఊళ్ళో రైతుబిడ్డే అయిన గుమాస్తా జాబితా వెతికి తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు ఈ ఊళ్ళో లేవని ఉండాది."

"మీ కయ్యల్లో కలుపు తీసేటప్పుడు ఈ ఊళ్ళోనే ఉండాను గదయ్యా?"

వరసలో ఎవరో నవ్వారు. నేను గట్టిగా అడగబోతే పోలీసు నా భుజం మీద చెయ్యి వేశాడు. మేం వేసిన ఫిర్యాదుకు జవాబు ఇంతవరకూ రాలేదు. ఇక వచ్చినా తీసుకునే మనిషి లేదు.

ఆ రోజు ఇంటికి పోదామంటే అత్త కదల్లేదు. మిల్లు ఎదుట ఊక కుప్ప నీడన కూర్చుంది. నేను తెచ్చిన సోడా తాగలేదు. పొద్దు వాలాక పెట్టెలు జీపులో ఎక్కించారు. అత్త లేచి, కొంగు సర్దుకుని, రోడ్డు పక్కన నిలబడింది. జీపు ఆమె ముందు నుంచే వెళ్ళింది. రేగిన దుమ్ము జుట్టు మీదా చీర మీదా పడుతున్నా దులుపుకోలేదు. చప్పుడు వినపడనంత దూరం పోయాక కూడా అటే చూస్తూ నిలబడింది.