తెల్లపిల్లికి తలంటు

మా వీధిలో పిల్లికి తలంటు పోసే ఇల్లాలిని నేనొక్కదాన్నే. పిల్లి తన ఒళ్లు తానే నాక్కుని శుభ్రం చేసుకుంటుందని నాకూ తెలుసు. ఎదురింటావిడ మిద్దె మీద నుంచి తొంగి చూసి ఆ మాట నాకు నేర్పబోయినప్పుడల్లా ఒళ్లు మండిపోయేది. నాక్కుని బాగుపడేది మామూలు పిల్లి. మాది మామూలు పిల్లి కాదు. తెల్లటి పొడుగు బొచ్చు, కుచ్చులాంటి తోక, ఎవరో నొక్కిపెట్టినట్లు చదునైన ముక్కు. దాన్ని మా కూతురు పదో తరగతి పరీక్షలు అయిపోయిన వేసవిలో స్నేహితురాలి ఇంటి నుంచి అట్టపెట్టెలో పెట్టుకుని తెచ్చింది. ఆ సెలవులన్నీ ముద్దులాడి, సెలవులు కాగానే ఇంటర్ చదవడానికి కర్నూలు హాస్టలుకు వెళ్లిపోయింది. పిల్లి నా నెత్తిన పడింది.

మాది కడపలో పసుపు వ్యాపారం. కింద మండీ, పైన ఇల్లు. మండీలో పసుపు కొమ్ముల బస్తాలు ఎత్తినా దించినా దుమ్ము లేస్తుంది. మా ఇంట్లో గోడలు, గడపలు, చివరికి మా ఆయన చెవులు కూడా ఎప్పుడూ ఒక రకం పచ్చగానే ఉంటాయి. అలాంటి ఇంటికి ఎవరైనా తెల్లపిల్లిని తెస్తారా? నా కూతురు తెచ్చింది. అది పొద్దున తెల్లగా మెట్లు దిగేది, బస్తాల మీద హాయిగా పొర్లి మధ్యాహ్నానికి పచ్చగా మెట్లెక్కేది. పైన మా అత్త కాచుకుని ఉండేది. మడి బట్ట, ఆచారం, వంటింటి గడప దగ్గర చెంబు నీళ్లు, అన్నీ ఆమె లెక్క ప్రకారం జరగాల్సిందే. "కడగకుండా దాన్ని లోపలికి రానిచ్చినావంటే నేను ఈడ పచ్చి నీళ్లు గూడా ముట్టను" అనేది. ఆమె అన్నంత పనీ చేసే మనిషి.

ఇవన్నీ పడినా పడేదాన్ని. నన్ను కట్టిపడేసింది నేను ఇచ్చిన మాట.

కూతురు హాస్టలుకు బయల్దేరిన రోజు పొద్దున కూడా మా ఇంట్లో ప్రతి ఆదివారం జరిగే తలంటు తంతే జరిగింది. కూతురికి తలంటు పోసి, ఆరాక మిద్దె మెట్ల మీద కూర్చోబెట్టాం. మా అత్త పక్కన కూర్చుని నూనె గిన్నె పట్టుకుంటుంది. నేను పై మెట్టు మీద కూర్చుని దువ్వుతాను. కింది మెట్టు మీద నా కూతురు, దాని ఒడిలో పిల్లి. నేను దాని తల దువ్వుతుంటే అది పిల్లిని దువ్వుతుంది. దాని జడ నడుము దాటి ఉండేది. పసితనం నుంచి కుంకుడుకాయ తప్ప ఇంకేదీ తగలనివ్వకుండా నేను పెంచిన జుట్టు అది. పెళ్లిళ్లకు వెళ్తే నన్ను పలకరించేవాళ్లు ముందు దాని జడను పట్టుకుని చూసి తర్వాత నా మంచీ చెడ్డా అడిగేవాళ్లు. నాకు గర్వంగా ఉండేది. ఎందుకు దాచుకోవాలి?

"మా, దీని బొచ్చు మాత్రం కత్తిరించొద్దు. దినామూ దువ్వు. నేనొచ్చేసరికి ఇది ఇట్లే ఉండల్ల" అంది నా కూతురు.

"ఉంటాదిలే" అన్నాను.

"ఒట్టు?"

"ఒట్టు."

పిల్లి మీద ఒట్టేసిన నా తెలివికి నన్నే అనుకోవాలి.

హాస్టలులో పిల్లల దగ్గర ఫోన్లు ఉండనివ్వరు. ఆదివారం వార్డెన్ ఫోన్ నుంచి మాట్లాడిస్తారు. వెనక వరుసలో పిల్లలు నిలబడి ఉంటారు కాబట్టి రెండు ముక్కలు మాట్లాడేలోపే పెట్టేయమంటారు. ఆ రెండు ముక్కల్లో నా కూతురు సగం పిల్లికే ఖర్చు పెట్టేది. తిన్నావా అంటే తిన్నానంటుంది, మార్కులెన్ని అంటే చెప్తాలే అంటుంది. "పిల్లి ఎట్లుండాది? దువ్వుతాండావా?" అని అడిగేటప్పుడు మాత్రం గొంతులో ప్రాణం వచ్చేది. అందుకని నేను కూడా వారమంతా పిల్లి సంగతులు పోగేసి పెట్టుకునేదాన్ని. నా కూతురితో మాట్లాడటానికి నాకు మిగిలిన దారి ఆ దిక్కుమాలిన పిల్లే.

దువ్వడమంటే మాటలా? వీపు మీద దువ్వితే కళ్లు మూసుకుని గురగురమంటుంది. దువ్వెన పొట్ట కిందికి పోయిందో, గోళ్లు బయటికి వస్తాయి. చిక్కులేమో అంతా పొట్ట కిందే, చంకల్లోనే, చెవుల వెనకే. మున్సిపాలిటీ నీళ్లు వచ్చిన రోజు మాకు వంటకూ తాగడానికీ సరిపోతాయి. పిల్లికి పోయాలంటే ఉప్పటి బోరు నీళ్లే గతి. ఆ నీళ్లకు మా బకెట్లు కూడా తెల్లగా పొక్కు కట్టి ఉంటాయి. దుకాణంలో కొనుక్కొచ్చిన పిల్లి షాంపూ ఎంత రుద్దినా ఆ నీళ్లలో నురుగు రాదు. వచ్చినా పోదు. ఆరాక బొచ్చు కొబ్బరి పీచులాగా గరుకుగా తయారై, పట్టుకుంటే ఇంకో చిక్కు పడేది. ముంజేతుల నిండా గీతలతో నేను తిరుగుతుంటే బంధువులు ఏమైందని అడిగేవాళ్లు. పిల్లికి నీళ్లు పోశానని చెప్పడానికి సిగ్గేసి గోరింటాకు చెట్టు గీరుకుందని చెప్పేదాన్ని.

ఒకసారి నా అవస్థ చూడలేక మా ఆయన సాయానికి వచ్చాడు. మండీ మనిషి కదా, ఏ చిక్కుకైనా ఆయన దగ్గర జవాబు గోనె సంచే. పిల్లిని సంచిలో దించి, తల మాత్రం బయట పెట్టి, మెడ దగ్గర సంచి మూతిని వదులుగా పట్టుకున్నాడు. "ఇప్పుడు నీళ్లు పోయ్, ఎట్ల గీరుతాదో చూస్తా" అన్నాడు. పోశాను. పిల్లి గీరలేదు, నిజమే. సంచిలోంచి తీసేసరికి మాత్రం ముఖం ఒక్కటి తెల్లగా, మిగతా ఒళ్లంతా పచ్చగా బయటికి వచ్చింది. అది పసుపు సంచి. తడి బొచ్చుకు పసుపు పట్టిందంటే ఇంకేమైనా ఉందా? ఆయన కాసేపు చూసి, "మేలు రకం పసుపే, మంచి రంగు వచ్చింది" అని చెప్పి కిందికి పోయాడు. ఆ పూట ఆయనకు అన్నం పెట్టడానికి నాకు చేతులు రాలేదు.

ఆ ఆదివారం ఫోన్లో ఈ సంచి సంగతీ, చిక్కుల సంగతీ చెప్తే కూతురు నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఉప్పు నీళ్లు పోస్తే అట్లే అయితాది మా. చిక్కులు పడినాక దువ్వితే శానా నొప్పి లేస్తాది. కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి" అంది.

"పిల్లికి కళ్లల్లో నీళ్లు తిరిగేది నువ్వెప్పుడు చూసినావే? ఈడ తిరుగుతాండేది నాకు" అని కసిరాను. వెనక ఎవరో తొందరపెట్టారు. ఫోన్ పెట్టేసింది.

దసరా సెలవులు దగ్గరపడ్డాయి. పిల్లి చూడబోతే చంకల్లో ఉండలు ఉండలుగా బొచ్చు అట్టకట్టి, నడిస్తే కుంటుతున్నట్లుంది. కుక్కలకూ పిల్లులకూ సామాన్లు అమ్మే దుకాణంలో అడిగితే, "మిషన్ పెట్టి గొరిగించేయండి మేడమ్" అన్నారు. ఒట్టేశాను కాబట్టి వెనక్కి వచ్చేశాను. అప్పుడు మా అత్త రంగంలోకి దిగింది.

"నీ బిడ్డకు చంటితనంలో తలంతా పెచ్చులు కడితే ఏం జేసినాం? ఆముదం రాసి, సున్నిపిండితో రుద్ది నీళ్లు పోస్తే దినం తిరక్కముందే పోలేదా? బిడ్డకు పనికొచ్చింది పిల్లికి పనికిరాదా?" అంది.

ఆ క్షణంలో నాకది చాలా సబబుగా అనిపించింది. చిక్కులకు నూనె, నూనెకు సున్నిపిండి. ఇందులో తప్పేముంది? మా అత్త వెచ్చటి ఆముదం చేతిలో పోస్తుంటే పిల్లి చిక్కులన్నిటికీ పట్టించాను. వెచ్చటి నూనె హాయికో ఏమో అది కూడా ఆ రోజు ఊరికే ఉంది. తర్వాత సున్నిపిండి రుద్దాను. రుద్దేకొద్దీ ఆముదమూ పిండీ బొచ్చూ కలిసి ముద్దయ్యాయి. బోరు నీళ్లు పోస్తే ముద్ద గట్టిపడింది. మా సున్నిపిండిలో పసుపు ఉంటుందని, పసుపు కొట్టువాళ్ల ఇంట్లో అది ధారాళంగానే ఉంటుందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. బిడ్డకు ఒంటి మీద బొచ్చు ఉండదని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

కథ అక్కడితో అయిపోలేదు. పిల్లి మంచం కిందికి దూరి తన ఒళ్లు తాను నాక్కోవడం మొదలుపెట్టింది. ఎదురింటావిడ చెప్పిన పిల్లి ధర్మం దానికి సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది. ఆముదం ఎంత కడుపులోకి పోయిందో గానీ సాయంత్రానికి దాని పని మొదలుపెట్టింది. హాలు, మెట్లు, చివరికి మా అత్త మడి బట్టలు ఆరేసే గది. ఒకచోట కడిగి లేచేలోపు ఇంకోచోట. మా అత్త చెంబు పట్టుకుని, "నేను చెప్పిందేమి, నువ్వు చేసిందేమి?" అని మొదలుపెట్టింది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ ఇంట్లో అందరినీ వదిలేసి బస్టాండుకు పోయి కూర్చోవాలనిపించింది.

మర్నాడు పశువుల ఆసుపత్రికి తీసుకుపోతే, గేదెల మధ్య నిలబడి ఉన్న డాక్టరు పిల్లిని చూసి, నన్ను చూసి, "ఏం రాసినారమ్మా?" అన్నాడు. చెప్పాను. ఆయన నవ్వాపుకుని మందు రాసిచ్చి, ఆ బొచ్చు మొత్తం తీసేయమన్నాడు. ఉంచితే నాకుతూనే ఉంటుంది, లోపల చర్మం కూడా పుండ్లు పడుతుందన్నాడు. ఇక నా ఒట్టుకు దిక్కెక్కడ? ఇంటికి వచ్చి మా ఆయన పట్టుకుంటే కత్తెరతో కొద్దికొద్దిగా కత్తిరించాను. పోగుపడిన బొచ్చు పక్కన మిగిలిన పిల్లి చిన్నది, సన్నది, ఎవరిదో అనాథ పిల్లిలాగా ఉంది. నాకు దుఃఖం వచ్చింది. పిల్లి మీద కాదు. నా కూతురు నన్ను అడిగింది ఇదొక్కటే, అది కూడా నిలబెట్టుకోలేకపోయాను.

ఆదివారం ఫోన్ వచ్చింది. నాంది ప్రస్తావన లేకుండా చెప్పేశాను. "అమ్మీ, పిల్లి బొచ్చు కత్తిరించినా. తప్పలేదు."

అరుస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను.

"అంతానా మా?" అంది.

"అంతా."

"పోనీలే మా." ఆ గొంతులో కోపం లేదు, ఏదో బరువు దించుకున్నట్లుంది. "అయితే నేనొచ్చినాక నన్ను గూడా ఏమీ అనొద్దు."

మార్కులు తగ్గాయి కాబోలు అనుకున్నాను.

మా ఆయన కర్నూలు పోయి తీసుకొచ్చాడు. ముందు ఆయన మెట్లెక్కి వచ్చి, నా వైపు చూడకుండా బ్యాగు కింద పెట్టి, ఏదో పని ఉన్నట్లు మళ్లీ మండీలోకి దిగిపోయాడు. వెనక నా కూతురు. ఆ ఎండలో తల చుట్టూ చున్నీ కప్పుకుని ఉంది. వచ్చీ రాగానే పిల్లిని ఎత్తుకుంది. ఎత్తుకోవడంలో చున్నీ జారిపోయింది.

జడ లేదు. మెడ మీద దాకా కూడా లేదు. చెవుల పైకి, మగపిల్లల మాదిరి కత్తిరించి ఉంది.

మా అత్త కూర్చున్నచోటే, "ఎవురే నీ జడ కోసింది?" అని కేకేసింది.

"ఎవురూ కోయలేదవ్వా, నేనే కత్తిరించమన్నా" అంది నా కూతురు పిల్లి వీపు నిమురుతూ. "ఆడ అన్నీ ఉప్పు నీళ్లు. తెల్లారకముందే స్టడీకి కూర్చోబెడతారు, స్నానానికి క్యూ. చిక్కు తీసుకునేదానికి యాడుంటాది టైము? పేలు గూడా పడినాయి. నా అంతట నాకు దువ్వుకోను రాదు గదా మా, ఎప్పుడూ నువ్వేగా దువ్వేది."

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ హాస్టలు మీద, ఆ నీళ్ల మీద, ఫోన్ వరుసలో తొందరపెట్టిన వాళ్ల మీద. నొప్పి లేస్తుంది, కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి అని అది చెప్తుంటే, ఆ మాటలు పిల్లికి కట్టి కసిరిన నా నోటి మీద. ఎన్ని ఆదివారాలు నా కూతురు తన సంగతే చెప్తుంటే నేను పిల్లి సంగతి విన్నానో! నోటిదాకా చాలా వచ్చాయి. ఏమీ అనొద్దని ముందే అడిగింది కదా, అన్నీ మింగాను.

మరుసటి రోజు పొద్దున మా అత్త ఎవరూ చెప్పకుండానే నూనె గిన్నె తెచ్చుకుని మెట్ల మీద కూర్చుంది. కూతురు కింది మెట్టు మీద కూర్చుంది, ఒడిలో పిల్లి. ఇద్దరికీ బొచ్చు లేదు. నేను నూనె రాసి దువ్వెన తీసుకున్నాను. నడినెత్తి మీద పెట్టి లాగాను. ఎక్కడా చిక్కు తగల్లేదు. మెడ దగ్గర దువ్వెన బయటికి వచ్చేసినా నా చెయ్యి ఆగలేదు, అలవాటుగా నడుము దాకా పోయింది.

"అప్పుడే అయిపోయిందా మా?" అంది వెనక్కి తిరగబోతూ.

"యాడ అయిపోయింది, కూర్చో" అని మళ్లీ మొదటి నుంచి దువ్వాను.